మెయిన్ పుట్టుపూర్వోత్తరాలు

ఉన్, ఉధనా, లింబాయత్ పేటలున్న సూరత్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా మరమగ్గాలు నడుపుతున్నారు. జకార్డు మగ్గానికి చిల్లుల అట్టలను దండలా కుట్టి, చివరి అట్టను మొదటిదానికి కలిపేస్తారు. డిజైను ఏ అట్ట దగ్గర ఎత్తుకోవాలో గుర్తుపెట్టుకోవాల్సింది నేతగాడే. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పే ఆ గుర్తు భాషలోనే కుదురుకుంది. అదే మెయిన్.

మొదట్లో అదీ లేదు. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో పైనుంచి మొదటి ఆదేశంతోనే పని మొదలయ్యేది. 1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ రిచర్డ్స్ తెచ్చిన బీసీపీఎల్‌లో ప్రవేశద్వారం పేరు స్టార్ట్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దాన్ని కుదించి బీ భాష చేసినప్పుడు ఆ చోట మెయిన్ వచ్చి కూర్చుంది. డెనిస్ రిచీ సీ భాషకు అదే సంక్రమించింది. 1978లో కెర్నిగన్, రిచీల పుస్తకం వచ్చాక ప్రపంచమంతా దానితోనే ఓనమాలు దిద్దింది. జావా, గో ఆ పేరునే ఉంచుకున్నాయి.

1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ దారి వేరు. ఫైలు పైనుంచి కిందికి నడుస్తుంది, అదే ఫైలును ఇంకొకటి ఇంపోర్ట్ కూడా చేసుకోవచ్చు. అందుకే నేరుగా నడిపారో, ఇంపోర్ట్ చేశారో తేల్చుకునే షరతు ఒకటి ఫైలు చివర పెడతారు. రూబీలోనూ ఇలాంటి పరీక్షే ఉంది.

స్క్రిప్టును ఒక భాష నుంచి మరో భాషకు మార్చేటప్పుడు పేరు కలిసిందని నిశ్చింతగా ఉండకూడదు. సీలో ఆర్గ్యుమెంట్ల వరుసలో సున్నా స్థానం ప్రోగ్రాము పేరుది. జావాలో అక్కడే మొదటి ఆర్గ్యుమెంటు ఉంటుంది.

నా దృష్టిలో అంతకన్నా ప్రమాదం ముగింపు దగ్గరుంది. సీ మెయిన్ తిరిగిచ్చే సంఖ్య ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరుతుంది. సున్నా అయితే పని అయినట్టు, మరేదైనా అయితే చెడినట్టు. పైథాన్‌లో ఒక ఫంక్షనుకు మెయిన్ అని పేరుపెట్టి 1 తిరిగిచ్చి ఊరుకుంటే అది ఎవరికీ అందదు, బయటికి సున్నాయే వెళ్తుంది. రాత్రి బ్యాకప్ విఫలమైనా షెల్ అంతా బాగుందనుకుని, పాత ఫైళ్లు తుడిచే తర్వాతి ఆదేశానికి వెళ్లిపోతుంది. మెయిన్ ఇచ్చిన ఆ సంఖ్యను సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిట్‌కు అందించి, అది సున్నా అయితేనే తర్వాతి ఆదేశానికి వెళ్లేలా షెల్‌లో రాస్తే ఈ ముప్పు తప్పుతుంది.

2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో పబ్లిక్, స్టాటిక్ అని రాయకుండా, చుట్టూ క్లాసు కూడా లేకుండా మెయిన్ రాసుకోవచ్చు. ఏమీ తిరిగివ్వదని చెప్పే వాయిడ్ మాత్రం పోలేదు. ఫలానా సంఖ్యతో ముగించాలంటే ఇప్పటికీ సిస్టమ్ క్లాసులోని ఎగ్జిట్‌ను పిలవాల్సిందే.