రాయి పాతిన చోట మాట్లాడుకున్నాం

జలంత్రకోటకు పడమట మహేంద్రగిరి కొండలు, తూర్పున ఉద్దానం కొబ్బరి, జీడితోటలు. ఆ కొండల్లో మా సవరలు ఉంటున్నారు. కోటల చరిత్ర, జమీందార్ల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. పోయినవారి కోసం మేము ఎలా ఏడ్చామో, ఎలా తేరుకున్నామో, అదీ చరిత్రే.

మాలో ఒకరు పోతే దహనంతో పని తీరిపోదు. తర్వాత గువార్ చేస్తాం. పోయిన మనిషి కోసం నిలువురాయి పాతి, దున్నను బలి ఇస్తాం. బంధువులంతా వస్తారు. ఆ తర్వాత కర్జ జరుపుతాం. కుడాన్‌గానీ కుడాన్‌బోయిగానీ పూనకంలో కూర్చుంటే పోయినవారు ఆ నోటితో మాట్లాడతారు. చుట్టూ ఉన్నవారు జవాబు చెబుతారు, ఏడుస్తారు, దెబ్బలాడతారు. నాకు మందు ఎందుకు తేలేదని వారడిగితే, చేతిలో డబ్బు లేకపోయిందని వీరంటారు. అప్పు సంగతి, పొలం పంపకం అన్నీ అందరి ముందూ తేలుతాయి. ఇది ఒక్కరోజు పని కాదు, ఏళ్లు పడుతుంది. కోపం చల్లారాక ఆ పేరు పుట్టిన బిడ్డకు పెడతాం.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి గారు మా భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చారు. వెరియర్ ఎల్విన్ 1955లో మా మతం మీద పెద్ద పుస్తకం తెచ్చారు. పియర్స్ విటెబ్‌స్కీ ఒడిశా సవరల మధ్య ఉండి, ఈ సంభాషణల గురించే 1993లో పుస్తకం రాశారు. పోయినవారి మీది మమకారాన్ని మెల్లగా వదులుకోవాలని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. మావాళ్లు ముందు వారితో మాట తెంచుకోలేదు, మాట్లాడి మాట్లాడి నెమ్మదించారు. బ్రిటన్‌లో వితంతువుల కోసం క్రూస్ అనే సంస్థ 1959లో మొదలైంది. దుఃఖంలో ఉన్నవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం ఇప్పుడు వైద్యంలో భాగమైంది. మాకది ఊరి పనే.

ఇప్పుడు గువార్లు తగ్గాయి. దున్న ఖరీదు పెరిగింది. కొందరు మతం మారారు. కుడాన్ల దగ్గర నేర్చుకునే పిల్లలు తక్కువ. కింద ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటా మనుషుల్ని తీసుకుపోతోంది. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ మనిషి పోయాక మిగిలిన భార్యతో, బిడ్డలతో కూర్చునేది ఎవరు? తండ్రి పోయిన పిల్లవాడు పదిరోజులకు బడికి వస్తాడు. పలక తీస్తాడుగాని నోరు తెరవడు. అతన్ని ఏమని పలకరించాలో బడిలో మాకెవరూ నేర్పలేదు.

దున్నను కోయమని మేము అనడం లేదు. మతం మారినవారిని వెనక్కి రమ్మనీ అనడం లేదు. కొండమీదైనా, ఉద్దానంలోనైనా, మనిషిని పోగొట్టుకున్న ఇళ్లవాళ్లు నెలకొకసారి ఒకచోట కూర్చోవాలి. పోయినవారి పేరు పైకి చెప్పుకోవాలి. చెప్పలేకపోయిన మాట చెప్పుకోవాలి. మిగిలిన కుడాన్‌బోయిల మాటలను తెలుగు లిపిలోనైనా మన పిల్లలు రాసిపెట్టాలి. వారు పోయాక ఆ రాళ్ల దగ్గర ఏమి మాట్లాడేవారో చెప్పేవాళ్లు ఉండరు.