ప్రతాపరుద్రుని చివరి ప్రయాణం

పోయిన సంక్రాంతి సభలో మన పిల్లలు వేసిన నాటిక చాలామంది చూసే ఉంటారు. అందులో ప్రతాపరుద్రుడు ఓరుగల్లు కోట గుమ్మంలో కత్తి పట్టుకొని నేలకొరిగాడు. చప్పట్లు మోగాయి, మేమూ కొట్టాము. భోజనాల దగ్గర ఒక పాప వచ్చి, "ఆయన నిజంగా అక్కడే చనిపోయారా, అంకుల్?" అని అడిగింది. పులిహోర వైపు చూపించి తప్పించుకున్నాము. మరణకారణం రాయడం మా వృత్తిలో నిత్యం ఉండే పని. అటువంటి వారము అలా తప్పించుకోవడం బాగుండలేదు.

ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. అమ్మమ్మ తరువాత 1289లో రాజయ్యాడు. 1303లో ఢిల్లీ సేన వచ్చి భంగపడి వెళ్లింది. 1309లో బయలుదేరిన మాలిక్ కాఫర్ మాత్రం మట్టికోట పట్టుకొని రాతికోటను చుట్టుముట్టాడు. 1310లో సంధి కుదిరింది. ఏనుగులు, గుర్రాలు, ధనంతో పాటు రాజు తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు వేసి పంపాడని అమీర్ ఖుస్రో రాశాడు. ఆస్థానకవి మాట గనుక కాస్త తగ్గించే చదువుకోవాలి. అయినా ఆ బొమ్మ మాకు మరపు రాదు. అది ఢిల్లీ వెళ్లింది, మనిషి ఓరుగల్లులోనే ఉండిపోయాడు.

1318లో మళ్లీ దాడి, మళ్లీ కప్పం. తుగ్లకుల కాలంలో ఉలుగ్ ఖాన్ ఒకసారి విఫలుడై తిరిగిపోయి, 1323లో కొత్త బలగంతో వచ్చాడు. కోట పడింది. ఈసారి బొమ్మతో సరిపోలేదు, రాజునే బందీగా ఢిల్లీకి నడిపించారు.

ఆయన ఢిల్లీ చేరలేదు. ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే వేసినది. సోమోద్భవా తీరాన, అంటే నర్మద ఒడ్డున, ఆయన మరణించాడని అందులో ఉంది. దారిలోనే పోయాడని ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్ కూడా రాశాడు. ఇక 1423 నాటి కలువచేరు శాసనం, రెడ్డి రాణి అనితల్లి వేయించినది, ఆయన తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్లాడంటుంది. రెండూ కలిపి చదివి, ఆత్మహత్య అన్నవారు ఉన్నారు.

మేమైతే తొందరపడము. స్థలం విషయంలో సందేహం లేదు, సాక్ష్యం దగ్గరి కాలానిది. కారణం చెప్పేది నూరేళ్ల తరువాతి మాట, అదీ గౌరవంగా చెప్పినది. ఓడిన రాజు బందీగా పోయాడనడం కంటే తానే వెళ్లాడనడం వినసొంపు గదా! కాని బొమ్మ మెడలో గొలుసు సంగతి తలచుకుంటే అది నిజమే కావచ్చుననీ తోస్తుంది. మా కాగితం మీదైతే "స్థలం: నర్మదా తీరం" అని రాసి, కారణం గడి ఖాళీగా వదులుతాము.

పాపకు ఇదంతా చెప్పాము. వచ్చే ఏడు చివరి రంగం నది ఒడ్డున పెడదామని నాటిక వేయించినవారితో కూడా అన్నాము. రాజు వేషం వేసిన కుర్రవాడికి మాత్రం నచ్చలేదు, కత్తి ఉండదని.