గుర్రాల పుస్తకం, పిల్లికళ్ళ పిల్లాడు

ఇంటర్‌లో బైపీసీ చదివేటప్పుడు, పన్నెట్ గడులు నేర్చుకున్న వారంలోనే మా చిన్నమ్మమ్మ దగ్గర నా తెలివి చూపించుకున్నాను. ఆవిడ రెండో కొడుకువి పిల్లికళ్ళు. ఇంట్లో ఇంకెవరికీ లేవు. ఆయన పుట్టినప్పుడు చిన్నమ్మమ్మ వాళ్ళ అత్తగారు "ఈ కళ్ళు మా వంశంలో ఎవరివమ్మా?" అని అడిగిందట. ఒక్కసారి అడిగి ఊరుకోలేదు, బతికున్నంతకాలం అడుగుతూనే ఉందట.

నోట్సు వెనకపేజీలో నాలుగు గడులు గీసి చూపించాను. నల్లకళ్ళ లక్షణం బహిర్గతం, లేతకళ్ళది అంతర్గతం. లేతకళ్ళ జన్యువు తల్లిలోనూ తండ్రిలోనూ బయటపడకుండా దాక్కుని ఉండొచ్చు. ఇద్దరి నుంచీ ఒక్కొక్కటి వచ్చి ఒకే బిడ్డలో కలిస్తే కళ్ళు లేతగా వస్తాయి. నాలుగింట ఒకవంతు అవకాశం. అంటే ఆ కళ్ళలో సగం వాటా ఆ అత్తగారి వంశానిదే.

చిన్నమ్మమ్మ ఆ గడుల వైపు చాలాసేపు చూసింది. "ఇది మా అత్తగారు ఉండగా గీయాల్సిందే" అంది. కాసేపాగి, "మరి అమ్మానాన్నలిద్దరికీ పిల్లికళ్ళే ఉండి, నల్లకళ్ళ పిల్ల పుడితేనో?" అనడిగింది.

"అది కుదరదు."

"అంటే ఆ తల్లి తప్పు చేసినట్టా?"

"అంతేగా మరి" అన్నాను. అప్పటికి నాకు పదహారేళ్ళు.

ఆ "కుదరదు" ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చాలా ఏళ్ళ తర్వాత వెతుక్కుంటూ పోతే, మొదట ఎదురైనవి గుర్రాలు.

మెండెల్ బఠాణీల వ్యాసం 1866లో అచ్చయింది. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1900లో అది మళ్ళీ వెలుగులోకొచ్చాక ఇంగ్లండులో రెండు జట్లు తయారయ్యాయి. ఒక జట్టుకి విలియం బేట్సన్ పెద్ద. ఆయనకి మెండెల్ సూత్రమే ప్రపంచం. రెండో జట్టులో ఆక్స్‌ఫర్డ్ జంతుశాస్త్ర ప్రొఫెసర్ రఫాయెల్ వెల్డన్. ఒకప్పుడు స్నేహితులే. వెల్డన్ 1902లో రకరకాల బఠాణీలు పోగేసి వాటి రంగుల్ని వరసగా పేర్చి చూపించాడు. పసుపు, ఆకుపచ్చ అని రెండే రంగులు ఎక్కడున్నాయి? మధ్యలో ఇన్ని ఛాయలుంటే, రెండే పెట్టెల్లో ఎలా సర్దుతారు? ఇదీ ఆయన ప్రశ్న.

బేట్సన్ జట్టులో చార్ల్స్ హర్స్ట్ అనే ఆయన ఉండేవాడు. లెస్టర్‌షైర్‌లోని బర్బేజ్ అనే ఊళ్ళో వాళ్ళ కుటుంబానికి మొక్కల నర్సరీ ఉండేది. ఆయన పందెపు గుర్రాల వంశావళి పుస్తకాలు ముందేసుకున్నాడు. జనరల్ స్టడ్ బుక్ అని వాటి పేరు. ఏ గుర్రానికి ఏ గుర్రం పుట్టింది, దాని ఒంటి రంగేమిటి అన్నీ అందులో రాసి ఉంటాయి. చెస్ట్‌నట్ అంటే ఒళ్ళూ జూలూ అంతా ఎర్రటి రాగిరంగు. బే అంటే గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, నల్ల తోక. చెస్ట్‌నట్ అంతర్గత లక్షణమనీ, తల్లీతండ్రీ ఇద్దరూ చెస్ట్‌నట్ అయితే పిల్ల కూడా చెస్ట్‌నటే అవుతుందనీ 1905 డిసెంబరులో హర్స్ట్ రాయల్ సొసైటీ ముందు చెప్పాడు.

వెల్డన్ ఊరుకోలేదు. అవే పుస్తకాలు తీసి పేజీ పేజీ తిరగేశాడు. రెండు చెస్ట్‌నట్లకి బే పిల్ల పుట్టినట్టు రాసిన పద్దులు దొరికాయి. హర్స్ట్ జవాబు సూటిగా ఉంది: అవి రాసినవాళ్ళ పొరపాట్లు. గుర్రప్పిల్ల పుట్టినప్పటి రంగు పెరిగేకొద్దీ మారుతుంది. ఎవరో తొందరపడి రాసేసి ఉంటారు. వెల్డన్ ఆ పుస్తకాలతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. 1906 ఏప్రిల్లో న్యుమోనియాతో చనిపోయాడు. వయసు 46. వంశపారంపర్యం మీద ఆయన రాస్తున్న పుస్తకం సగంలోనే ఆగిపోయింది.

గుర్రాల విషయంలో గెలిచింది హర్స్టే. ఆ రంగు తేడాకి కారణమైన ఎంసీ1ఆర్ అనే జన్యువులోని మార్పుని 1996లో స్వీడన్ పరిశోధకులు పట్టుకున్నారు. సూత్రం నిలబడింది. పుస్తకంలో తేడా వచ్చిన చోట గుమాస్తాని అనుమానించడం సబబే.

హర్స్ట్ అక్కడితో ఆగలేదు. గుర్రాల తర్వాత తన ఊళ్ళోని పిల్లల కళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నల కళ్ళూ చూశాడు. కనుపాప చుట్టూ ఉండే రంగువలయం ముందుభాగంలో గోధుమరంగు కాస్తయినా ఉంటే ఒక పెట్టె, అసలు లేకపోతే ఇంకో పెట్టె. ఆకుపచ్చ కళ్ళూ, తేనెరంగు కళ్ళూ అన్నీ మొదటి పెట్టెలోకే. 1908లో ఫలితాలు ప్రకటించాడు. అంతకు కొద్ది నెలల ముందే, 1907లో, అమెరికాలో గెర్ట్రూడ్ డావెన్‌పోర్ట్, ఆమె భర్త చార్ల్స్ కూడా అదే సంగతి రాశారు: నీలికళ్ళ జంటకి నీలికళ్ళ పిల్లలే. పాఠాల్లోకి ఎక్కిన "కుదరదు" ఇదే. చార్ల్స్ డావెన్‌పోర్ట్ 1910లో యూజెనిక్స్ రికార్డ్ ఆఫీస్ తెరిచాడు. కంటిరంగుకి గీసిన గడుల్లోనే "మందబుద్ధి"నీ, పేదరికాన్నీ కూడా కూర్చోబెట్టి ఎవరు పిల్లల్ని కనొచ్చో, ఎవరు కనకూడదో చెప్పే పని అది.

కళ్ళ విషయంలో మాత్రం వెల్డన్ అడిగిన ప్రశ్న చావలేదు. అసలు కంట్లో నీలిరంగు పదార్థమే లేదు. నలుపైనా, తేనెరంగైనా, నీలమైనా తేడా ఒక్క మెలనిన్ పాళ్ళదే. అది తగ్గినప్పుడు వెలుతురు చెదిరి నీలంగా కనిపిస్తుంది. 15వ క్రోమోజోము మీద ఓసీఏ2, హెర్క్2 అనే రెండు జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. పెద్ద పాత్ర వాటిదే, కానీ అవి ఒంటరిగా పనిచెయ్యవు. 2021లో దాదాపు 1,95,000 మందిని పరిశీలించిన అధ్యయనంలో కంటిరంగుతో సంబంధమున్న చోట్లు పదుల్లో తేలాయి. అరుదే గానీ, నీలికళ్ళ తల్లిదండ్రులకి గోధుమరంగు కళ్ళ బిడ్డ పుట్టొచ్చు. ఎవరూ ఏ తప్పూ చెయ్యక్కర్లేదు.

ఈ చరిత్రలో నన్ను పట్టుకున్నది ఒక చిన్న తేడా. సూత్రానికి లొంగని గుర్రప్పిల్ల కనబడితే, రాసినవాడి కలం తప్పింది అన్నారు. సూత్రానికి లొంగని మనిషిబిడ్డ కనబడితే తల్లి తప్పింది అంటారు. రెండుచోట్లా సూత్రం క్షేమమే. గుమాస్తా మీద పడ్డ నిందతో ఎవరి కాపురమూ కూలలేదు. మెండెల్ పేరే తెలియని ఆ అత్తగారిదీ, బైపీసీ చదివిన నాదీ ఒకటే లెక్క: గడిలో ఇమడకపోతే ఆడమనిషిని అడగాలి. నా గడులు చిన్నమ్మమ్మకి ఊరటనిచ్చిన మాట నిజమే. అయితే ఆ ఊరట ఆవిడ కొడుకు అదృష్టవశాత్తూ గడిలో ఇమిడాడు కాబట్టి వచ్చింది. ఇమడని బిడ్డ తల్లి సంగతేమిటని ఆవిడ ఆ పూటే అడిగింది. తన గండం గట్టెక్కిన మరుక్షణం ఆవిడకి గుర్తొచ్చింది ఇంకో తల్లి. నాకు రాలేదు.

చిన్నమ్మమ్మ పోయి ఆరేళ్ళయింది. జవాబు మాత్రం ఇప్పటికైనా దిద్దుకోవాలి: కాదు చిన్నమ్మమ్మా, ఆ తల్లి ఏ తప్పూ చేసినట్టు కాదు. నా గడులే చాల్లేదు.