మైలేజీ లెక్కతో మొదలైన మహా పందెం

ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే బైకు పందెం టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) అనగానే రాతిగోడలను ఒరుసుకుంటూ గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకుపోయే బైకులే కళ్లముందు మెదులుతాయి. అదంతా ఒట్టి తెగింపు అని తేల్చేసేవాళ్లు దాని పుట్టుకను ఓసారి చూడాలి. బ్రిటన్‌లో అప్పట్లో గంటకు 20 మైళ్లు దాటకూడదు, పందెం కోసం రోడ్డు మూయడానికీ వీల్లేదు. సొంత చట్టసభ ఉన్న ఈ చిన్న ద్వీపం మాత్రం 1904లోనే అందుకు చట్టం చేసింది. 1907 మే 28న అక్కడ జరిగిన తొలి టీటీలో వేగం ఒక్కటే చాలదన్నారు. సింగిల్ సిలిండర్ బండి గాలన్‌కు 90 మైళ్లు, ట్విన్ సిలిండర్ బండి 75 మైళ్లు ఇవ్వాలి. మన లెక్కలో లీటరుకు సుమారు 32, 27 కిలోమీటర్లు. సైలెన్సర్, మడ్‌గార్డులు తప్పనిసరి. అంటే జనం రోజూ నడిపే బండికే ఆ పరీక్ష.

మ్యాచ్‌లెస్ బండిపై చార్లీ కోలియర్ 254 కిలోమీటర్లను నాలుగు గంటల పైచిలుకులో ముగించి సింగిల్ తరగతిలో గెలిచాడు. నాకు ట్విన్ తరగతి విజేత రెమ్ ఫౌలర్ కథే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. పెజో ఇంజిన్ బిగించిన నార్టన్ అతనిది. దారిలో ప్లగ్గులు మార్చుకున్నాడు, బెల్టు సరిచేసుకున్నాడు, టైరు పేలితే బాగుచేసుకుని మళ్లీ ఎక్కాడు. రైడింగ్‌లోని ఆనందం అక్కడే ఉంది: బండిని చెవితో, చేతులతో ఎరిగి ఉండటంలో. 1911లో పందెం కొండదారికి మారగానే గేర్లు లేని బెల్టు బళ్ల పని అయిపోయింది. రెండు గేర్లు, చైను ఉన్న అమెరికా వాళ్ల ఇండియన్ బైకులు సీనియర్ పందెంలో మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయాయి. 1959లో తొలిసారి వచ్చిన హోండా 125 సీసీలో ఆరో స్థానం దగ్గరే ఆగింది. రెండేళ్లకే రేసర్ మైక్ హెయిల్‌వుడ్ ఆ కంపెనీ బళ్లపై 125, 250 రెండు పందేలూ గెలిచాడు.

ఇంత నేర్పినా ప్రాణాల మాటేమిటి? ఆ కొండదారిలో పందేల్లో, ప్రాక్టీసులో 260 మందికి పైగా రేసర్లు పోయారు. ఏ గేరుబాక్సూ దానికి బదులు కాదు. 1972లో వానలో రేసర్ గిల్బెర్టో పార్లొట్టి అక్కడ మరణించాక అతని మిత్రుడు, తోటి రేసర్ అగోస్టిని ఇక అక్కడ పోటీ చేయనన్నాడు. 1976 తర్వాత టీటీకి ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా పోయింది. అది న్యాయమైన నిర్ణయం. పాయింట్ల కోసం ఇష్టం లేకున్నా దిగాల్సిన నిర్బంధం దానితో తప్పింది. ఇప్పుడు వచ్చేవాళ్లు కోరి వస్తున్నారు. కోరి వచ్చినంత మాత్రాన ఇంటివాళ్ల దుఃఖం తగ్గదు, నిజమే. కానీ తమ ప్రాణం మీది నిర్ణయం వాళ్ల చేతికి రావడం చిన్న విషయం కాదు.

ఈ పందేలు చూసే మన కుర్రాళ్లు రెచ్చిపోతారన్న భయమూ ఉంది. కానీ టీటీ మొదటి షరతు రోడ్డు మూసేయడం. ఎదురుగా ఆటో రాదు, స్కూలు పిల్లలు దాటరు. అర్ధరాత్రి ఊరి రోడ్ల మీద పందేలు కట్టేవాళ్లు దాని వారసులు కారు. వేగం మీద మనసున్న పిల్లలను తల్లిదండ్రులు తిట్టి ఊరుకోకుండా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో పంపి పద్ధతిగా నేర్పించాలి.