కోటలో కాలేజీ

గద్వాల అనగానే మనకు చీరే గుర్తుకొస్తుంది కదూ! నూలు చీరకు పట్టు అంచు. పండితులు మాత్రం ఆ ఊరిని ‘విద్వద్గద్వాల’ అన్నారు. అక్కడి సంస్థానాధీశులు కవులను పిలిపించి సత్కరించేవారు. అయితే ఆ విద్యావైభవం కొద్దిమంది పండితులదే, పల్లె ఆడపిల్లది కాదు.

చిత్రమేమంటే, ఆ సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక స్త్రీ. భర్త సీతారామ భూపాలుడు పోయాక మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు పాలన చేపట్టారు. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానమూ పోయింది. సోమనాద్రి కట్టించిన ఆ కోటలోనే తర్వాత ఆవిడ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ వెలిసింది. అందరూ ‘ఎం.ఎ.ఎల్.డి.’ అనేస్తారు. ఆ పొడి అక్షరాల్లో పాపం, రాణీగారు దాగిపోయారు!

ధరూరు వంటి ఊరి పిల్లకు దీంతో ఏం పని అంటారా? దూరపు పట్నంలో హాస్టలంటే ఇంట్లో ఒప్పుకోరు, పెళ్ళి చేసేద్దామంటారు. అదే, పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే చదువైతే తండ్రి కాస్త మెత్తబడతాడు. అదండీ సంగతి.

2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు ఈ ప్రాంతపు డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. 2016లో గద్వాల జిల్లా కేంద్రం కూడా అయింది. ఇప్పుడు యూనివర్సిటీ కాగితమేదైనా కావాలంటే హైదరాబాదు దాకా పోనక్కర్లేదు, మహబూబ్‌నగర్ వెళ్ళొస్తే చాలు.