అష్టభోగములును గనుల కౌలు పత్రములును

ప్రాచీన దానశాసనములను పరిశీలించువారికి నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములు సుపరిచితములు. దాత భూమి నొసగునప్పుడు దాని గర్భమందలి నిధియు, రాయియు ప్రతిగ్రహీతకే చెందునని పేరుపేరున చెప్పుట ఆచారము. 1802 సంవత్సరపు 25వ రెగ్యులేషను ననుసరించి చెన్నపురి ప్రభుత్వము జమీందారుల కిచ్చిన సన్నదుల పద్ధతి వేఱు. పేష్కషు నిర్ణయమునందు ఉప్పు, సురేకారము, సాయరు, ఆబ్కారీ, లాఖరాజు భూములు మినహాయింపబడినవి. ఆ పట్టికలో గనుల పేరు లేదు. ఈ మౌనమే తరువాతి వివాదములకు మూలమయ్యెను.

విజయనగర సంస్థానమున 1892 ప్రాంతమున మాంగనీసు త్రవ్వకము మొదలైన పిమ్మట, దుక్కికి పనికిరాని గుట్టలకు సైతము వెల గలిగెను. పైనేల సాగు రైతుది, అడుగునేల జమీందారుది, త్రవ్వుకొను హక్కు కంపెనీది. ఇట్లొక్క చోటనే ముగ్గురికి హక్కు లేర్పడెను. శాశ్వత ముకరరీ కౌలు నిచ్చినను, స్పష్టమైన నిదర్శనము లేనిదే గనులు కౌలుదారునకు సంక్రమింపవని పచేటు జమీందారీ వ్యాజ్యమున 1916లో ప్రీవీ కౌన్సిలు తీర్మానించెను. అందుచే ఇట్టి వాదములకు పత్రమే ప్రాణమయ్యెను.

అట్టి పత్రములు వారసుల పెట్టెలలో కానరాకుండుటకు కారణము లేకపోలేదు. కౌలు నిచ్చువాడు కౌలునామాను, పుచ్చుకొనువాడు ముచ్చిలికాను వ్రాసి పరస్పర మిచ్చుకొందురు. కావున కౌలునామా కౌలుదారు వంశమునందును, ముచ్చిలికా భూస్వామి ఠాణాయందును ఉండవలయును. తన యింట కౌలునామాను వెదకు జమీందారు వారసుడు, తన తాత పరుల కిచ్చివేసిన దానినే వెదకుచున్నాడు. ముచ్చిలికాకు మఱియొక గతి పట్టెను. 1948 సంవత్సరపు మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముచే గనులతో గూడ ఎస్టేటులు ప్రభుత్వమునకు సంక్రమించెను. పరిపాలనకు వలసిన లెక్కలను, పట్టాలను, ముచ్చిలికాలను, పటములను స్వాధీనపఱచుకొను అధికారమును ఆ చట్టమే యిచ్చెను. ఆ విధముగా ఇంటి పత్రము కచేరీ దస్త్రములలో చేరియుండుటకు అవకాశము గలదు.

రెండు ప్రతులును దొరకనిచో రిజిస్ట్రేషను కచేరి శరణ్యము. 1908 సంవత్సరపు చట్టము ననుసరించి సంవత్సరమునకు మించిన కౌలునకు రిజిస్ట్రేషను విధి. దాని నకలు 1వ పుస్తకమున నుండును. ఆ పుస్తకమునకు వ్యక్తుల పేర్ల సూచికయు, ఆస్తుల సూచికయు గలవు. రుసుము చెల్లించి వానిని ఎవరైనను చూడవచ్చును. అయితే గని పేరొకటి, గ్రామము పేరొకటి యైనచోట గని పేరున వెదకిన ఫలము లేదు. జిల్లాల మార్పులును అన్వేషకుని తప్పుదారి పట్టించును. చీపురుపల్లి తాలూకా మొదట విశాఖపట్టణము జిల్లాలోను, 1950 నుండి శ్రీకాకుళము జిల్లాలోను, 1979 నుండి విజయనగరము జిల్లాలోను ఉండెను. ఒక్క గ్రామపు చరిత్రకై మూడు జిల్లాల పేర వెదకవలసియుండును.

ఈ శ్రమ వ్యర్థము కాదు. రద్దు చట్టము పూర్వపు కౌళ్లను మొత్తముగా త్రోసివేయలేదు. 1945 జూలై 1వ తేదీ మొదలు పుట్టిన హక్కు, ఏడాదికి మించిన గడువు గలదైనచో, ప్రభుత్వమును బంధింపదనియే నియమించెను. కావున తేదీ గల ఒక్క పుట దొరకుట, దొరకకుండుటలపై ఒక కుటుంబపు హక్కు నిలిచియుండెను. ప్రభుత్వమునకు సంక్రమించిన గనిని ఏ పాత పత్రమును నేడు జమీందారు వారసునకు మరల తెచ్చి యియ్యజాలదు. అయినను, ఎవరు ఎవరికి ఏ నిబంధనలతో ఇచ్చిరో తెలుపుటకు అదియే సాక్షి.

ముప్పది యేండ్లు దాటిన పత్రము ఉచితమైన చోటనుండి వెలువడినచో, దాని వ్రాతను యథార్థమని యూహించుటకు 1872 సాక్ష్యచట్టము న్యాయస్థానమున కవకాశ మిచ్చెను. 2023 చట్టమును ఆ నియమమును నిలుపుకొన్నది. తామ్రశాసనము దొరకిన తావును గుర్తించుట శాసనపరిశోధకుల కెట్లు విధియో, కౌలు పత్రము ఎవరి యింట, ఏ కట్టలో లభించెనో వ్రాసియుంచుటయు అట్లే విధి. అష్టభోగములకు అర్థము చెప్పు పండితులు తమ గ్రామములందలి ఈ కాగితపు కట్టలను గూడ విప్పి చూచి, చెదలపాలు కాకమున్నే పట్టికలు వ్రాసి యుంచుట యుక్తము.