మూసీతీరపుఁ బిండపాతికులు

హైదరాబాదు చరిత్రము 1591వ సంవత్సరముతో మొదలగునని మన బాలురు చదువుచున్నారు. పురనిర్మాణమునకు ఆ సంవత్సరము సరియైనదే. కాని యచ్చటి బండమీఁది యక్షరములకు వయస్సు అంతకంటె వేయేండ్లు హెచ్చు. శంషాబాదు చెంత ఈసీనదికిఁ గట్టిన హిమాయత్‌సాగరమునుండి వెడలు నీరు మూసీలోఁ గలిసి, నగరమును దాఁటి తూర్పునకుఁ బోవునపుడు చైతన్యపురివద్ద నొక గుట్టను ఒరసికొని పోవును. జనులు దానిని కోసగుండ్ల యందురు. నరసింహస్వామి యాలయ మందున్నది. ఆ గుట్టబండపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నొక శాసనము కలదు. కీర్తిశేషులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు దానిని పరిశీలించి లోకమునకుఁ దెలిపిరి. లిపినిబట్టి యది క్రీ.శ. 5వ శతాబ్దిదిగా నెన్నఁబడుచున్నది.

అందు గోవిందరాజవిహార మను పేరును, భదంత శబ్దమును, పిండపాతిక శబ్దమును గలవు. గోవిందరాజనఁగానే నేఁటి శ్రోతకుఁ దిరుపతి తలఁపునకు వచ్చును. గుట్టపై నరసింహుఁడు వెలసియుండుటచే నా భ్రాంతి దృఢమగును. కాని విహారమన నిచట భిక్షువుల నివాసము. గోవిందరాజు విష్ణుకుండి గోవిందవర్మ యని పండితు లూహించుచున్నారు. ఈ యూహకు బలమిచ్చునవి నల్లగొండసీమలోని తుమ్మలగూడెమున, అనఁగాఁ బ్రాచీనేంద్రపాలనగరమున, దొరకిన తామ్రశాసనములు. బి.ఎన్. శాస్త్రిగారి పరిశ్రమచే నవి ప్రకాశమునకు వచ్చినవి. తన రాణి కట్టించిన విహారమునకు గోవిందవర్మ గ్రామము లిచ్చినట్లు మొదటిదానిలో నున్నది. అతని కుమారుఁడు మాధవవర్మ పదునొకండశ్వమేధములు చేసిన వైదికనిష్ఠుఁడు. అయినను నా వంశమువాఁడే యగు విక్రమేంద్రవర్మ శకవర్షము 488లో, అనఁగాఁ గ్రీ.శ. 566లో, మరల నదే విహారమున కొక గ్రామ మొసఁగెను. యాగధూమమును గాషాయమును నొకే రాజకులమున నిమిడియుండె నన్నమాట. మతములనఁగాఁ గలహములే యని వ్రాయు చరిత్రకారులు దీనిని గమనింపవలయును.

ఇఁక నా మనస్సును లాగినది పిండపాతిక శబ్దము. ప్రాకృతశాసనములలో ద్విత్వమును దఱచుగా వ్రాయరు గావున 'పాత' యన్నది 'పాత్ర'కు వికారమై యుండునని, భిక్షాపాత్రము ధరించువాఁడని యర్థమని, మొదట నేనును భ్రమపడితిని. అది సరిగాదు. పిండపాతమనఁగా నన్నపుముద్ద పాత్రలోఁ బడుట. దానిచేతనే జీవించువాఁడు పిండపాతికుఁడు. పాణినీయుఁడు ఠక్ప్రత్యయముచే నాదివృద్ధిని గోరి 'పైండపాతిక' యనును. టిబెట్టుదేశమున 9వ శతాబ్ది తొలిపాదమునఁ గూర్పఁబడిన మహావ్యుత్పత్తి యను సంస్కృతబౌద్ధనిఘంటువులో నీ వృద్ధిరూపమే కనఁబడును. ప్రాకృతమున ఐకారము నిలువదు గదా! పాలిలోను, మన బండమీఁదను వృద్ధి లేని రూపము. భదంత శబ్దమునుగూడ మన యుణాదులు 'భది' ధాతువునుండి నకారలోపముచే సాధించినవి. వైయాకరణులు పరమతస్థుల గౌరవపదమునకు సైతము సాధుత్వము గల్పించిరి.

పిండపాతికుఁ డందఱు భిక్షువులవంటివాఁడు గాఁడు. దాతలు విహారమునకుఁ బంపు భోజనమును, ఇంటికిఁ బిలిచి పెట్టు విందును వదలి, వాకిట వాకిట నిలిచి దొరకినదే తినెడి వ్రతి. ఇట్టి వ్రతములకు ధుతాంగములని పేరు. 'ధూఞ్ కంపనే' యను ధాతువునుండి పుట్టిన మాట. క్లేశములను దులిపివేయుట భావము. స్థవిరవాదులలో బుద్ధఘోషుని విశుద్ధిమార్గము పదుమూఁడింటిని జెప్పఁగా, సంస్కృతసంప్రదాయము పండ్రెండే లెక్కించును. రాజు గ్రామము లిచ్చెడి కాలమున నిట్టి కఠినవ్రతులు మూసీయొడ్డున నుండుట విశేషము. విహారము సంపన్నమైనకొలఁది దానిని వలదనువారును లోపలనే యుండి రన్నమాట.

ఈ మాటలు దేశాంతరములఁ జచ్చిపోలేదు. శంషాబాదున 2008వ సంవత్సరము మార్చినుండి నడచుచున్న విమానాశ్రయమునుండి బాంకాకునకుఁ బోవు విమానము లున్నవి. అచ్చట వేకువనే భిక్షువులు వీథులఁ దిరుగుటను 'బిన్థబాత్' అందురు, మన పిండపాతమే. అరణ్యచారుల చర్య 'తుదొంగ్', మన ధుతాంగమే. చీనాలిపి గుండ జపానునకుఁ బోయిన ధుతశబ్ద మక్కడ 'జుద' యై, భిక్షువు మెడలో వ్రేలు సంచిపేరఁ జిక్కుకొన్నది. మనకును సింహళమునకును నాఁటి రాకపోకలు తెలియఁగోరువారు నాగార్జునకొండలో వీరపురుషదత్తుని 14వ యేఁటి బోధిశ్రీ శాసనమును జూతురుగాక: అందు సింహళవిహారము పేర్కొనఁబడినది.

మన తెలుఁగున మాత్రము పిండమనఁగాఁ బితృకర్మమే స్ఫురించును. 'పిండాకూఁడు' తిట్టు. ఒకనాఁడు ఛాత్రులకు శాసనపదములు చెప్పుచుండఁగా నీ మాటవద్ద నొక బాలుఁడు పక్కున నవ్వెను. 'చచ్చినవారికిఁ బెట్టునది తినువారా అయ్యా?' అని యడిగెను. వానిని గోపింపలేకపోతిని. వాఁ డెఱిఁగిన తెలుఁగున నది న్యాయమైన ప్రశ్న. 'పిండమన ముద్ద, మీ యమ్మ నీకుఁ గలిపి పెట్టునది యదే' యంటిని.

కావునఁ బాఠ్యపుస్తకములలో నీ శాసనమును జేర్చు పండితులు దానిని రాజులపట్టికలో నొక తేదీగా విడువక, పిండపాతిక శబ్దమున కర్థమును దప్పక వ్రాయవలయును. భిక్షాపాత్రధారి యని మాత్రము వ్రాయవలదు. గుట్టచుట్టు నేఁడు ఇండ్లు నిండినవి. అక్షరములు బయలుబండమీఁదనే యున్నవి. వాని ఛాయను బాలురకుఁ జూపి పిమ్మటఁ బదచ్ఛేదము చెప్పుట మేలు.